సుబ్బారావు గారు చెప్పిన చిల్లర లెక్క

మా అమ్మాయి పదో తరగతి. ఎనిమిది వందల మీటర్ల పరుగంటే దానికి ప్రాణం. పొద్దున్న ఐదింటికే లేచి గ్రౌండుకి పోతుంది, సాయంత్రం బడి వదిలాక మళ్ళీ పోతుంది. కిందటేడు దసరా సెలవులకి ముందు ఒకరోజు వంటింట్లో నా పక్కనే పీట వేసుకుని జీవశాస్త్రం చదువుతోంది. ఏటీపీ, ఏటీపీ అని ఒకటే వల్లె వేస్తోంది. నేనూ డిగ్రీలో కెమిస్ట్రీ వెలగబెట్టినదాన్నే గనక, దాన్ని కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టినాయన ఉన్నాడు తెలుసా అన్నాను. తెలీదంది. పప్పులో పోపు పెడుతూ నాకు గుర్తున్న నాలుగు ముక్కలూ చెప్పాను. వినీ విననట్టు విని, మంచినీళ్ళ కోసం లేచింది. లేచింది లేచినట్టే గోడ పట్టుకుని కిందికి జారిపోయింది.

డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. రక్తం కాస్త తక్కువగా ఉంది తప్ప వేరే జబ్బేమీ కనిపించడం లేదన్నారు. తర్వాత నెలనెలా సరిగ్గా వస్తోందా అని పిల్లని అడిగారు. మూడు నెలలుగా లేదట. తల్లినై ఉండి నాకు తెలీదు. అది చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకా తరచి అడిగితే మిగతాదీ బయటికొచ్చింది. ఒళ్ళు తేలికైతే కాళ్ళు వేగంగా కదులుతాయని గ్రౌండులో ఎవరో అన్నారట. అప్పట్నుంచీ మధ్యాహ్నం డబ్బాలో సగం స్నేహితురాలికి పెట్టేస్తోంది. ఆకలి లేదని చెప్పి రాత్రి అన్నం మానేసి మజ్జిగ తాగి పడుకుంటోంది. మందులు రాసేముందు డాక్టరమ్మ నాతో అన్నది ఒక్కటే, ముందు ఈ పిల్ల ఒంటి జమాఖర్చు సరిచూడండి అని.

ఇంటికొచ్చాక ఆ మాటే చెవిలో తిరిగింది. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి సుబ్బారావు గారి జీవితచరిత్ర తెచ్చుకున్నాను. ఒంట్లోని జమాఖర్చుని దాదాపు చివరి పైసా దాకా లెక్కగట్టినవాళ్ళలో ఆయన ఒకరు మరి. చదువుతూ ఉంటే అందులో మా ఇంటి సంగతీ, బహుశా మీ ఇంటి సంగతీ ఉన్నట్టు అనిపించింది. అందుకే రాస్తున్నాను.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. చిన్నతనంలో ఒకసారి, కాశీకి పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని ఇల్లు వదిలి బయలుదేరాడట. తల్లి వెనక్కి పట్టుకొచ్చి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. ఆ చదువు కోసం వెంకమ్మ గారు తన ఒంటిమీది బంగారం అమ్మిందని చెబుతారు. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకుంటానని అబ్బాయి పట్టుబడితే ఒప్పుకోనిదీ ఆవిడే. మొత్తం మీద మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారనే పెద్దమనిషి చదువుకి సాయం చేశారు. 1919లో ఆయన కూతురు శేషగిరినే పెళ్ళి చేసుకున్నారు.

గాంధీగారి పిలుపు విని కాలేజీకి ఖద్దరు తొడుక్కుని వెళ్ళడం సర్జరీ ప్రొఫెసరుగారికి గిట్టలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ బదులు దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ప్రభుత్వ ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే పనిలో కుదురుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంటిమీద పిడుగు పడింది. రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. జబ్బు పేరు స్ప్రూ. మనవైపు వాళ్ళు తిన్నది ఒంటికి పట్టని రోగం అంటారే, అచ్చం అదే. పేగులు ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, చివరికి మనిషి ఎముకల గూడు అయిపోతాడు. కంచంలో అన్నం ఉంటుంది, నోట్లోకీ వెళుతుంది, ఒంట్లో మాత్రం జమ కాదు. సుబ్బారావు గారికీ అదే జబ్బు తగులుకుంది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఎలాగో బయటపడ్డారు. తిండికీ ప్రాణానికీ మధ్య ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనకి పుస్తకాల్లోంచి పుట్టింది కాదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. మామగారు మరికొంత కూడబెట్టి ఇచ్చారు. కడుపుతో ఉన్న భార్యని పుట్టింట ఉంచి బయలుదేరి, 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదువు. చేతిలో డబ్బు లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి, పగలు చదువుకున్నారు. డాక్టరు పట్టా ఉన్న మనిషి ఆ పని చేశాడు చూడండి.

చదువయ్యాక అదే హార్వర్డులో సైరస్ ఫిస్కే గారి ప్రయోగశాలలో చేరారు. అక్కడ చేసిన మొదటి పెద్దపని, రక్తంలోనూ మూత్రంలోనూ కండలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి. ఒక రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కన అయితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. కాఫీ డికాక్షన్ రంగు చూసి మనం పొడి ఎంత పడిందో చెప్పమూ, అలాంటిదే కాస్త గట్టిగా. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడారు.

ఆ నీలం రంగే ఒక పెద్ద తలుపు తీసింది. కండరం కదలడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకి అప్పట్లో అందరూ నమ్మే జవాబు ఒకటుండేది. కండలో దాచుకున్న గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారేటప్పుడే కండ కదులుతుందని. ఆ పరిశోధనకి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫిస్కే, సుబ్బారావు గార్లు పిల్లి కండరం మీద పరీక్ష చేసి చూశారు. కండ బిగిసేకొద్దీ అందులో ఒక పదార్థం విరిగిపోతోంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ కూడుకుంటోంది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. ఇది 1927 సంగతి. 1929లో కండరంలోంచే మరో పదార్థం దొరికింది. అదే మా అమ్మాయి వల్లె వేసిన ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. కనిపెట్టిన ఘనత ఇద్దరి వైపుకీ చెందుతుంది.

ఇంతకీ ఈ ఏటీపీ ఏమిటి? మా అమ్మాయికి నేను చెప్పిన పద్ధతిలోనే మీకూ చెబుతాను. గాదె నిండా ధాన్యం ఉన్నా బస్సెక్కితే కండక్టరు చేతిలో పోయాల్సింది చిల్లరే. మనం తినే అన్నం, పప్పు, నూనె గాదెలో ధాన్యం లాంటివి. ఒళ్ళు వాటిని నేరుగా ఖర్చు పెట్టలేదు. ఏటీపీ అనే చిల్లరగా మార్చుకుని, కండ కదిలినా గుండె కొట్టుకున్నా మెదడు ఆలోచించినా ఆ చిల్లరే ఇస్తుంది. చిత్రమేమిటంటే ఈ చిల్లర దాచుకోవడానికి ఒంట్లో పెద్ద జేబు లేదు. గట్టిగా పరుగు తీస్తే కండలో ఉన్నది రెండు మూడు సెకన్లలో ఖాళీ. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ కొంగున కట్టుకున్న ముడిలా పనికొస్తుంది. ఖర్చయిన ఏటీపీని వెంటనే మళ్ళీ నింపి, పది సెకన్ల దాకా బండి లాగిస్తుంది. ఆపైన గ్లైకోజెను, ఇంకా దూరం పోతే కొవ్వూ కరగాలి. ఇలా ఖర్చవుతూ, మళ్ళీ తయారవుతూ, ఒక రోజులో ఒంట్లో తిరిగే ఏటీపీ మొత్తం కూడితే ఇంచుమించు మనిషి బరువంత ఉంటుందని అంచనా.

వంద మీటర్ల వీరుడు నడిచేది ఈ కొంగుముడి మీద. ఎనిమిది వందల మీటర్ల పిల్లకి గాదె కూడా నిండుగా ఉండాలి. ఖాళీ గాదెతో ఒళ్ళు తేలికవుతుంది నిజమే, పరుగు మాత్రం పెరగదు.

ఆ రాత్రి కాగితం, పెన్సిలు తీసుకుని మా పిల్ల లెక్క వేశాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం పదమూడు నుంచి పదిహేనేళ్ళ ఆడపిల్లకి రోజుకి 2400 కేలరీలు కావాలి. ఇది రెండుపూటలా పరుగెత్తే పిల్లని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. పరుగుకి, మనిషి బరువు ఎన్ని కిలోలో, కిలోమీటరుకి ఇంచుమించు అన్ని కేలరీలు ఖర్చు. మా పిల్ల 43 కిలోలు, రోజూ ఆరేడు కిలోమీటర్లు పరుగెడుతుంది. ఆ ఒక్క పద్దు కిందే పోయేది 250 నుంచి 300. అది తింటున్నది ఎంతని చూస్తే, రెండు ఇడ్లీలు, సగం డబ్బా అన్నం, ఒక అరటిపండు, గ్లాసు పాలు, మజ్జిగ. ఎంత ఉదారంగా కూడినా పన్నెండు వందలు దాటలేదు. పెన్సిలు అక్కడే ఆగిపోయింది.

జమ తక్కువై ఖర్చు ఎక్కువైన ఇంట్లో ఏం చేస్తాం? ముందు బియ్యానికీ కరెంటు బిల్లుకీ డబ్బు తీసి పక్కన పెడతాం. గోడకి సున్నం, కొత్త బట్టలు వాయిదా వేస్తాం. ఒళ్ళూ అంతే. గుండెకీ మెదడుకీ ముందు పంచి, వెంటనే ప్రాణం మీదికి రానివాటిని ఆపేస్తుంది. నెలసరి ఆగుతుంది, ఎముకల గట్టిదనం తగ్గుతుంది, జలుబు జ్వరాలు త్వరగా పట్టుకుంటాయి, చదివింది తలకెక్కదు. క్రీడాకారుల్లో వచ్చే ఈ శక్తి లోటుకి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఒక పేరు పెట్టారు. మగపిల్లలకీ వస్తుందని చెప్పారు. ఆటలాడే పిల్లకి నెలసరి ఆగితే, ఆటలన్నాక అంతేలే అని వదిలేయకూడదు. ఒళ్ళు పంపిన నోటీసు అది. డాక్టరుకి చూపించి, కారణం ఇదో మరొకటో తేల్చుకోవాలి.

ఇక రెండోవైపు. మనలాంటి వాళ్ళకి లోటు కంటే మిగులే ఎక్కువ బాధ. పెద్దగా ఒళ్ళు కదలని పని చేసే ఆడవాళ్ళకి అదే సంస్థ చెప్పింది రోజుకి 1660 కేలరీలు, ఓ మాదిరి పనికి 2130, బరువు పనికి 2720. ఈ అంకెలు 55 కిలోల మనిషికి. వెనకటి వాళ్ళు రుబ్బురోలు తిప్పి, నీళ్ళు తోడి తిన్న అన్నాన్ని, మిక్సీ మీట నొక్కి మనమూ తింటే మిగిలింది నడుం దగ్గర జమవుతుంది. గ్రాము బియ్యంపిండికీ గ్రాము పప్పులోని మాంసకృత్తులకీ నాలుగేసి కేలరీలైతే, గ్రాము నూనెకి తొమ్మిది. మిగిలిన రెండు అప్పడాలు పారేయలేక నోట్లో వేసుకునే నా అలవాటు ఎక్కడ తేలిందో మీకు చెప్పక్కర్లేదు. అలాగని సోమవారం పూర్తిగా మాని, మంగళవారం రెట్టింపు తింటే లెక్క కుదరదు. నడక కొంచెం పెంచి, నూనె కొంచెం తగ్గించి, నెలల మీద సరిచేసుకోవాల్సిందే.

మళ్ళీ సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. ఇంత కనిపెట్టినా హార్వర్డులో ఆయనకి స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగానికి వెళ్ళారు, త్వరలోనే దానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన తన పాత శత్రువుని మళ్ళీ పట్టుకున్నారు. అన్నదమ్ములని మింగిన స్ప్రూ.

దీని వెనక ఒక ఆడమనిషి కూడా ఉంది. 1928 నుంచి కొన్నేళ్ళపాటు లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నది ఏమిటో అప్పటికి తెలీదు. 1941లో అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూర నలగ్గొట్టి ఒక ఆమ్లాన్ని రవ్వంత తీశారు. ఆకులో దొరికింది గనక ఫోలిక్ ఆమ్లం అన్నారు. సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేసి చూపించింది. స్ప్రూ రోగులకి ఇస్తే రక్తం పట్టింది, మనుషులు తేరుకున్నారు. పాతికేళ్ళ కిందట తన ఇంట్లో లేని మందు ప్రపంచానికి అందింది. ఇవాళ మన ఊరి ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండో మందు ఇదే. మీరూ మింగే ఉంటారు, పేరు తెలియకుండా.

ఆ బృందంలోంచే ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ వచ్చింది. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలు పదహారు మందికి దాన్ని ఇచ్చిన ఫలితాలు ప్రకటిస్తే, పదిమందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. బోదకాలు వ్యాధికి ఇప్పటికీ ఊరూరా పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన ఆధ్వర్యంలో వచ్చిందే.

ఇంత చదివాక నా మనసు ఆగిపోయింది మాత్రం శేషగిరి గారి దగ్గర. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. ఇదిగో వస్తాను అదిగో వస్తాను అనుకుంటూనే ఇరవై ఐదేళ్ళకి పైగా గడిచిపోయాయి. 1948 ఆగస్టులో అమెరికాలోనే, నిద్రలో గుండె ఆగి ఆయన పోయారు. వయసు యాభై మూడు. బంగారం అమ్మిన తల్లి, ఎదురుచూసిన భార్య, వీళ్ళ ఖర్చు ఏ పరిశోధన పత్రంలోనూ రాలేదు. ఆయన్ని తప్పు పట్టడానికి నేనెవర్ని? ఆ మాత్రలతో నిలిచిన ప్రాణాలు లక్షల్లో ఉంటాయి. అయినా ఒకరి జమ వెనక మరొకరి ఖర్చు ఉందన్న సంగతి ఆడదాన్ని గనక కంటపడకుండా పోలేదు.

అప్పుడే నా పద్దు కూడా చూసుకున్నాను. మా ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో ఏది మిగిలితే అది నా భోజనం. ఒక్కోసారి చాలదు, ఒక్కోసారి ఎక్కువ. ఏ రోజూ నాకెంత కావాలని వడ్డించుకున్నది లేదు. పైగా నాలుగు ముద్దలు తక్కువ తిన్నరోజు గొప్ప పని చేసినట్టు పైకి చెప్పుకునేదాన్ని. మా అమ్మాయి పదిహేనేళ్ళుగా చూస్తున్నది ఆ తల్లినే. గ్రౌండులో ఎవరో అన్న మాట దానికి అంత తేలిగ్గా ఎక్కిందంటే, నేల నేను దున్ని ఉంచబట్టే.

డాక్టరమ్మ చెప్పినట్టు రెండు నెలలు పరుగు తగ్గించాం. జిల్లా సెలక్షన్లు ఆ మధ్యలోనే వచ్చి వెళ్ళిపోయాయి. పిల్ల రెండు రోజులు ముఖం ముడుచుకుని కూర్చుంది, నాతో మాట్లాడలేదు. పొద్దున్న గ్రౌండుకి పోయేముందు అరటిపండు, వచ్చాక గుడ్డు, ఉప్మా. మధ్యాహ్నం డబ్బా నిండా అన్నం, పప్పు. సాయంత్రం పరుగుకి ముందు వేరుశనగ ఉండ. రాత్రి అన్నం తప్పనిసరి. నాలుగో నెలలో నెలసరి వచ్చింది. రెండున్నర కిలోలు పెరిగింది. పెరిగిన ఆ బరువుతోనే మొన్న సంక్రాంతి ఆటల పోటీల్లో పరుగెత్తి మూడోదిగా వచ్చింది. మొదటి స్థానం రాలేదని ఏడిచింది. ఏడిస్తే ఏడవనీ, ఏడవడానికి ఒంట్లో ఓపిక ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి కంచాలు ముగ్గురికీ ఒకేసారి పెడుతున్నాను. మొదటి వారం నాకే సిగ్గేసింది, వాళ్ళతో పాటు కూర్చుని తినడానికి. మీరు ఈ పేజీ చదవడం అయ్యాక ఒక్కసారి లెక్క చూసుకోండి, ఇవాళ మీరు ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో. మీ అమ్మాయిని కూడా అడగండి. నెలసరి సంగతితో సహా.